శనివారపు ఇనుము

మొన్న రెండో శనివారం సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు కాదు, మావారి మేనమామ భార్య. నాకు వరసకి పిన్ని. రాజాం నుంచి పాలకొండ వెళ్ళే దారిలో ఒక పల్లెలో ఒక్కతే ఉంటుంది. అక్టోబరు రాగానే ఒకసారి ఫోన్ చేయడం ఆవిడకి అలవాటు. ముందు వానల సంగతి, తరవాత పొట్ట మీదున్న వరిచేను సంగతి, ఆ తరవాత మోకాళ్ళ సంగతి. అవన్నీ వరసగా అయ్యాక, నేను గుండె చిక్కబట్టుకుని ఎదురుచూసే మాట రానే వచ్చింది. "మీ బడి పిల్లల మరబొమ్మలకి సామాన్లు కొనే రోజులు కదేటే ఇవి? శనివారం నాడు మాత్రం తేకండే తల్లీ." "అయ్యో, తేవడం లేదు పిన్నీ. ఆ అలవాటు ఎప్పుడో మానేశాం" అన్నాను. అలా అంటున్నప్పుడు నా ఎదురుగా, మా ముందుగది నేల మీద, అప్పుడే విజయనగరం నుంచి తెచ్చిన నట్లూ బోల్టులూ కుప్పపోసి ఉన్నాయి. పిల్లలు చుట్టూ కూచుని వాటిని సైజుల వారీగా ఏరుతున్నారు. ఆ గలగల ఫోన్లో వినపడుతుందేమోనని వంటింట్లోకి పారిపోయి, పోపులడబ్బా పక్కన నిలబడి మిగతా అబద్ధం పూర్తిచేశాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బయటికి రాలేదు. పిల్లలు టీ పెడుతున్నాననుకున్నారు. వాళ్ళని నిరాశపరచడం ఇష్టంలేక నిజంగానే పెట్టాను.

మా బడి పిల్లలు ఏటా రోబోల పోటీకి వెళ్తారు. పోటీ డిసెంబరులో, విశాఖలో. పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న ఇంట్లోలాగే సామాన్ల హడావిడి మాత్రం రెండు నెలల ముందు నుంచే. గేరు మోటార్లు, చక్రాలు, బ్యాటరీలు, ఎల్ క్లాంపులు, సోల్డరింగ్ చేసే తీగ, కటింగ్ ప్లేయర్లు, జిప్ టైలు. స్క్రూడ్రైవర్లు ప్రతి ఏడూ కొంటాం. ప్రతి ఏడూ అవి ఎటు పోతాయో ఆ శ్రీకూర్మనాథుడికే తెలియాలి. సర్క్యూటు బోర్డుల్లాంటివి ఆన్‌లైన్లో తెప్పించుకుంటాం గానీ, అంగుళం బోల్టు పెడితే అరంగుళం బోల్టు రావడం, దాన్ని వెనక్కి పంపి ఇంకోటి తెప్పించుకునేసరికి పోటీ అయిపోవడం ఒకసారి జరిగాక, ఇనప సామాను మాత్రం వెళ్ళి తెచ్చుకోవడమే పద్ధతి. పైగా మోటారుని చేత్తో పట్టుకుని, సెల్లు ఆనించి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని దాని పలుకు విని కొనడం కూడా పిల్లలకి ఒక చదువే. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో ఈ చదువు బాగా దొరుకుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆదివారం కొట్లు మూత. మిగతా రోజుల్లో మాకు బడి. మిగిలింది రెండో శనివారం.

శనివారం అనేసరికి మా అత్త ఒప్పుకునేది కాదు. శనివారం ఇనుము కొనకూడదు, నూనె కొనకూడదు, కొన్నా గడప దాటించకూడదు. ఉప్పు చేతికి చెయ్యి అందించకూడదు. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. ఆవిడ దగ్గర ఇలాంటివి ఏడాది పొడుగునా సరిపడా ఉండేవి. నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని. కాపరానికి వచ్చిన కొత్తలో ఒక్కోదానికీ కారణం అడిగేదాన్ని. "కారణం తెలిస్తే దాన్ని ఆచారం అనరే పిల్లా, పని అంటారు" అని కొట్టిపారేసేది. అయితే అత్త మొండిది కాదు. చదువంటే ఆవిడకి దేవుడితో సమానం. పిల్లల చదువుకి అడ్డు పడితే ఏ శని పడుతుందోనని అదింకో భయం. అందుకని తనే ఒక రాజీ కుదిర్చింది. "కొనుక్కోండి. మీ కొనుగోలుకీ నాకూ సంబంధం లేదు. నా గడప మాత్రం ఆదివారం తెల్లారేక దాటాల." సెలవు రోజు బడి తాళం ఎవరు తీస్తారు? మా ముందుగదే ఆ రోజుల్లో పిల్లలకి వర్క్‌షాపు. కాబట్టి శనివారం సాయంత్రం తెచ్చిన సామానంతా మా వీధరుగు మీద రాత్రి నిద్ర చేసి, ఆదివారం పొద్దున్న గృహప్రవేశం చేసేది.

మొదటి ఏడాదే ఒక న్యాయసమస్య వచ్చింది. తెచ్చిన వాటిలో ఏది ఇనుము, ఏది కాదు? పిల్లలు చక్రాలు లోపల పెట్టుకుంటామంటారు, అత్త ఇరుసు సంగతేమిటంటుంది. అప్పుడు మా జట్టులో పెద్దపిల్ల, కళింగపట్నం వైపు వేటపల్లె నుంచి వచ్చి రాజాం హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల, పాడైన రేడియో స్పీకరు వెనక నుంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చి అత్త చేతిలో పెట్టింది. "నాయనమ్మా, ఇది అతుక్కుంటే ఇనుము, అతుక్కోపోతే కాదు." ఇక చూసుకోండి. అత్త అరుగు మీద కాళ్ళు చాపుకుని కూచుని, చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆపినట్టు ఒక్కో వస్తువునీ ఆపేది. అల్యూమినియం పట్టీలు లోపలికి. ఇత్తడి స్క్రూలు లోపలికి. మోటార్లు బయట. కొన్ని స్టీలు బోల్టులు అతుక్కునేవి, కొన్ని అతుక్కునేవి కావు. అన్నదమ్ముల్లో ఒకడు మంచోడు, ఒకడు కాదు అని తీర్పు చెప్పి వేరుచేసేది. పెన్సిలు సెల్లు టక్కున అతుక్కున్న రోజున ఆవిడ ఆశ్చర్యం చూడాలి. "ఓలమ్మ! పైన రంగుకాయితం సుట్టుకుని లోపల ఇనుము దాసుకున్నాది సూడే!" ఆ రోజు నుంచి టీవీ రిమోటును కూడా కాస్త అనుమానంగానే చూసేది.

ఆన్‌లైన్ పార్సెలు శనివారం వస్తే ఇంకో చిక్కు. కొన్నది బుధవారం, చేరింది శనివారం. కొన్న రోజు లెక్కా, గడప దాటిన రోజు లెక్కా? పార్సెలు తెచ్చినాయన బండి స్టాండు వేసుకుని నిలబడే ఉండగా అత్త రెండు వైపులా వాదించి, గడప దాటిన రోజే లెక్కని తేల్చింది. తీర్పు నచ్చి ఆయన కూడా తల ఊపాడు. నేను ఇవన్నీ బడిలో స్టాఫ్‌రూములో చెప్పి నవ్వించేదాన్ని. ఇంట్లో ఆవిడ ఎదురుగానే నవ్వేదాన్ని. ఆవిడా నవ్వేది. ఎగతాళికీ ముద్దుకీ మా ఇద్దరి మధ్య పెద్ద తేడా ఉండేది కాదు. నిజం చెప్పాలంటే ఆ అరుగు పంచాయితీ వల్ల మా జట్టుకి మేలే జరిగింది. ఏది ఎంత తెచ్చామో, ఏది మరిచిపోయామో ఆ సాయంత్రమే తేలిపోయేది.

ఆరేడేళ్ళ కిందట ఒక రెండో శనివారం. అల్పపీడనం అని పొద్దుటి నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. విజయనగరంలో ఎండ కాస్తోంది కదా అని మేం లెక్కచేయలేదు. తిరుగుబస్సు చీపురుపల్లి దాటేసరికి మబ్బు కమ్మేసింది. రాజాంలో దిగి ఇంటికి చేరి, అరుగు మీద సంచులు దింపామో లేదో, గాలి మొదలైంది. మిగతా పిల్లలు గబగబా ఇళ్ళకి వెళ్ళిపోయారు. హాస్టలుకి వెళ్ళాల్సిన పెద్దపిల్ల మాత్రం వాన తగ్గేదాకా ఆగింది. మావారు పార్వతీపురంలో ఉద్యోగం, ఆదివారాలే వచ్చేవారు. ఇంట్లో అత్తా, నేనూ, ఈ పిల్లా. సంచుల మీద బరకం కప్పి రాళ్ళు పెట్టాం. గాలి బరకాన్ని ఎత్తి పక్కింటి ప్రహరీ మీద పడేసింది. వాన ఏటవాలుగా అరుగు మీదకే కొడుతోంది. ఆ సంచిలో ఆ ఏటికి కొన్న మోటార్లన్నీ ఉన్నాయి. తడిస్తే మళ్ళీ కొనే స్తోమత బడికి లేదు, వెళ్ళడానికి ఇంకో శనివారమూ లేదు. ఆ పిల్లకి అది తొమ్మిదో తరగతి. పదిలోకి వస్తే పోటీలకి పంపరు. "నాయనమ్మా, లోపల పెట్టేసుకోనా?" అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

అత్త గుమ్మంలో నిలబడి ఆకాశం వంక చూసింది. నేను ఊరుకోవచ్చు కదా! "అత్తా, ఇంత వానలో ఆ శనిదేవుడు మాత్రం ఊరి మీద తిరుగుతున్నాడేటి? ఎక్కడో చూరు కింద నిలబడుంటాడు. పెట్టించు లోపల" అన్నాను. అత్త నవ్వింది. పిల్ల సంచి మీద చెయ్యి వేయబోతే ఆపింది. "నువ్వు ముట్టుకోకు. సదువుకోవాల్సిన పిల్లవి, నీకెందుకు? నాకేటి, ముసిల్దాన్ని" అంటూ తనే వంగి, ఆ బరువు సంచిని రెండు చేతులతో ఎత్తి, కుడికాలు ముందు పెట్టి గడప దాటించింది. కొత్తకోడల్ని తెచ్చినట్టు జాగర్తగా తెచ్చి గది మూల పెట్టింది. తడిసిన మోటార్లని తన పాతచీర చెంగుతో ఒక్కొక్కటీ తుడిచింది. ఆ సాయంత్రం మేం ముగ్గురం వేడివేడిగా ఉల్లిపాయ పకోడీలు వేసుకుని తిన్నాం.

సోమవారం పొద్దున్న నేను బడికి బయల్దేరుతుండగా ఊరి నుంచి ఫోన్. అత్త తమ్ముడు, అంటే పిన్ని భర్త, చనిపోయాడు. చేలో నిలిచిన నీళ్ళు తీయడానికి గట్టు తెగ్గొడుతూ అక్కడే కూలబడిపోయాడట. గుండె అన్నారు. అత్తకి తోడబుట్టినవాడు ఆయన ఒక్కడే. నాకు వరసకి బాబాయి. పిల్లల్లేరు. అక్కని చూడ్డానికి నెలకొకసారి గోనెసంచిలో అనపకాయలో, తేగలో, కందో వేసుకుని బస్సు దిగేవాడు. వచ్చినప్పుడల్లా పిల్లల రోబో ముందు గొంతుక్కూర్చుని, "దీనికి మా సేలో కలుపు తీయడం నేర్పకూడదేటమ్మా" అని అడిగేవాడు. అంత నెమ్మదైన మనిషి. మేం వెళ్ళేసరికి వీధరుగు మీద పడుకోబెట్టి ఉంచారు. అత్త తమ్ముడి కాళ్ళ దగ్గర కూచుంది. అందరూ ఏడుస్తున్నారు, ఆవిడ ఏడవలేదు. దుఃఖం లోపల గడ్డకట్టుకుపోయిందని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

పెద్దకర్మ అయి ఇంటికొచ్చాక గానీ నాకు తెలియలేదు. అత్త ముందుగదిలోకి రావడం మానేసింది. వీధిలోకి వెళ్ళాలంటే పెరటి గుమ్మం నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది. పిల్లలు వచ్చి పనిచేసుకుంటుంటే లోపలి నుంచే బెల్లం కాఫీ పంపేది. ఏమిటత్తా అని రెండు మూడుసార్లు అడిగాను. చివరికి ఒకరోజు చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, తల ఎత్తకుండా అంది: "నా తమ్ముణ్ణి నానే తినీసేనే."

నేను వాదించాను. టీచర్ని కదా, వాదించడం తప్ప ఇంకేమీ రాదు. బాబాయికి బీపీ ఉందని, మందులు సరిగా వేసుకునేవాడు కాదని, అరవై దాటినవాడు వానలో పార పట్టుకుంటే గుండె తట్టుకోదని చెప్పాను. శనివారం నాడు ఊరంతా ఇనుము కొంటూనే ఉందని, మనం సరుకు కొన్న ఆ కొట్టాయనే ప్రతి శనివారం బస్తాలకొద్దీ అమ్ముతాడని, ఆయన ఇంట్లో అందరూ చక్కగా ఉన్నారని చెప్పాను. అత్త అంతా విన్నది. "ఆలకి తెలీదు" అంది. "తెలీనోడికి దోసం లేదు. నాకు తెలుసు. తెలిసి దాటించేను." ఆవిడ చెప్పిన దాంట్లో తర్కం ఉంది, అదే నన్ను భయపెట్టింది. నాలుగు రోజులు పోయాక నాకు నా వంతు కనిపించడం మొదలైంది. అరవై ఏళ్ళుగా పట్టుకున్న కర్రని ఆవిడ చేతిలోంచి నవ్వుతూ లాగేసింది నేనే. ఆవిడ పడిపోతే దానికి కారణం ఇనుము కాదు, శనివారం కాదు, నేనే. శనిదేవుడు చూరు కింద నిలబడ్డాడన్న ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

తప్పు మోస్తున్నది ఇద్దరమే అనుకున్నాను. దీపావళి సెలవులకి ఊరెళ్ళే ముందు పెద్దపిల్ల వచ్చి, చెప్పులు విడిచిన చోటే నిలబడి ఏడ్చేసింది. "నానడక్కపోతే నాయనమ్మ తెచ్చేది కాదు మేడమ్" అంది. వాళ్ళ ఊళ్ళో నాన్న పడవెక్కుతుంటే వెనకనుంచి పిలవకూడదని చిన్నప్పుడే నేర్పారట. అలాంటి సంగతులు తెలిసిన దాన్నే అయ్యుండి, నోరెందుకు తెరిచానా అని హాస్టల్లో అన్నం తినడం లేదట. ఒక్క చావుకి ముగ్గురం నేరస్థులం తయారయ్యాం. డాక్టరు కాగితం మీద రాసినదాన్ని మాలో ఒక్కరూ లెక్కచేయలేదు. ఎవరి తప్పు పెద్దదన్న దగ్గరే మాకు పేచీ. ఆ పిల్లని ఓదార్చడానికి అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. అత్త దాని తల నిమిరి, "నీకేటి సంబంధం లేదే, ముట్టుకోనివ్వలేదు కదా నిన్ను" అంది. దానికి మాత్రం ఆ రోజు నుంచి కొంత తెరిపిచ్చింది. ఇప్పుడు విజయనగరంలోనే ఇంజనీరింగు చదువుతోంది. శనివారం మాత్రం హార్డ్‌వేర్ కొట్టు మెట్టు ఎక్కదట.

ఆ డిసెంబరులో మా రోబో విశాఖలో బంతులేరి బుట్టలో వేసి మూడో బహుమతి తెచ్చుకుంది. ఒక్క మోటారు కూడా మొరాయించలేదు. పిల్లలు కప్పు తెచ్చి అత్త ముందు పెట్టారు. ఆవిడ పిల్లల బుగ్గలన్నీ పుణికింది గానీ, కప్పు వంక చూడలేదు. అది ఇనుము కాదని, ఉత్త ప్లాస్టిక్కని చెప్పబోయి నోరు మూసుకున్నాను. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. అత్త పుట్టింటికి వెళ్ళడం మానేసింది. సంక్రాంతికి పిన్ని రమ్మంది, వెళ్ళలేదు. కోతలప్పుడు కబురు పెట్టింది, వెళ్ళలేదు. పిన్ని ఫోన్ చేస్తే నన్ను మాట్లాడమని సైగ చేసేది. ఆ పెద్ద ఇంట్లో పిన్ని ఒక్కతే, ఈ ఇంట్లో ఈవిడ ఇలా. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఆపేక్ష. "ఏ ముఖం పెట్టుకుని ఎల్లాలే దాని దగ్గరికి? దాని పసుపుకుంకం తీసీసింది నానే కదా" అనేది. వాళ్ళిద్దరి మాటా అలా తెగిపోతే ఇక బాబాయి ఉన్న ఇల్లంటూ మాకు ఎక్కడా ఉండదని నాకు తెలుస్తూనే ఉంది. చేతిలో మంత్రం లేదు.

సంవత్సరీకానికి మాత్రం బతిమాలి, తిట్టి, చివరికి నేను అన్నం మానేస్తానని బెదిరించి తీసుకెళ్ళాను. పాలివాళ్ళలో ఒకరు కర్మ చేశారు. భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. పెరట్లో గాబు దగ్గర పిన్ని గిన్నెలు తోముతోంది, నేను కడుగుతున్నాను. అత్త వచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడింది. ఏడాదిగా మోసినదాన్ని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. వాన, సంచి, గడప, శనివారం. "నన్ను ఏటంటావో అను. సీపురుకట్ట తిరగేసినా పడతాను" అంది.

పిన్ని చేతిలో కొబ్బరిపీచు అలాగే ఉండిపోయింది. తరవాత గొంతు తగ్గించి, పక్కింటికి కూడా వినపడకూడదన్నట్టు చెప్పింది. "వదినా, ఆయనకి గురువారం నుంచే గుండెల్లో నొప్పి. నాతో అన్నాడు. గేసు అనుకున్నాను. వాము నీళ్ళు కాసి ఇచ్చేను. శుక్రవారం మళ్ళీ అన్నాడు. ఆదివారం కూడా అంటే, సోమవారం సేలో నీళ్ళు తీసీసేక రాజాం ఆసుపత్రికి ఎల్దాం అన్నాను. నాను ఆపేనొదినా. ఎవరికీ సెప్పలేదు. నా సేతుల్తో నానే సంపుకున్నాను." చెప్పి, బూడిద చేతులతోనే మొహం కప్పుకుంది.

నేను అత్త వంక చూశాను. నా బుర్ర అప్పుడే లెక్క కట్టేసింది. గురువారం నొప్పి, శనివారం ఇనుము. ముందు జరిగిన దానికి వెనక జరిగింది కారణం కాలేదు. ఏడాదిగా నేను వెతుకుతున్న ఋజువు ఇదే, బూడిద పూసుకుని ఎదురుగా ఉంది. హమ్మయ్య, అత్త బయటపడింది అనుకున్నాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, పిన్ని అలా కుమిలిపోతుంటే నాకు సంతోషం వేసింది.

అత్త మాత్రం గబగబా వెళ్ళి పిన్ని పక్కన ఆ తడినేల మీద కూలబడింది. "గేసే అది! గేసు కాకపోతే ఏటి? వాము నీళ్ళు తాగి సచ్చినోడు ఎవడైనా ఉన్నాడేటే? గురువారం నొప్పి వచ్చినోడు ఆదివారం వరకూ నడిసి తిరిగేడు కదా! మరి సోమవారం ఎందుకు పోనాడు? మద్దిలో శనివారం నాను ఇనుము దాటించేను. అదే కొట్టింది. నీదేటీ లేదు, ఇన్నావా? నీ సెయ్యి మంచిదే." పిన్ని నమ్మలేనట్టు ఆవిడ మొహంలోకి చూసింది. అత్త నా వైపు తిరిగింది. "ఏటే, గుడ్లప్పగించి సూస్తావు? టీచరమ్మవి కదా, సెప్పు దానికి!"

నన్ను అడిగింది శాస్త్రం తరఫున సాక్ష్యం. ఆవిడ కళ్ళలో బెదిరింపూ ఉంది, బతిమాలుకోవడమూ ఉంది. "అవును పిన్నీ" అన్నాను. "ఆ ఇనుము కొన్నది నేనే. ఆ వేళ మేం లోపల పెట్టుండాల్సింది కాదు." పిన్ని అప్పుడు ఏడ్చింది. ఏడాది నుంచీ ఆగిన ఏడుపు. అత్త మెడ చుట్టూ చేతులు వేసి, "ఎంత పని సేసేవొదినా, ఎంత పని సేసేవు" అంటూ ఏడ్చింది. అత్త ఆవిడ వీపు నిమురుతూ, "సేసేను, సేసేను" అంటూ కూచుంది. కాసేపటికి ఇద్దరూ లేచి, అనపగింజలు ఎండాయా లేదా అని చూడ్డానికి వెళ్ళారు. మిగిలిన గిన్నెలు నేను తోమాను.

తిరుగుదారిలో ఆటోలో అత్త ఎప్పటిలా ఓ చివర కాదు, నా పక్కనే ఆనుకుని కూచుంది. నేను ఉండబట్టలేక అన్నాను. "అత్తా, పిన్ని చెప్పింది విన్నావు కదా. గురువారం నుంచే. నీ తప్పేమీ లేదు." "ఇన్నాను. సెవుడేటి నాకు?" అంది. తరవాత తనే అంది. "దానికింకా శానా బతుకున్నాదే. ఒక్కతీ ఆ ఇంట్లో లెగాల, ఒండుకోవాల, తొంగోవాల. అంత బరువు పెట్టుకుని ఎలగ బతుకుతాది? నాకేటి, ఎన్నాళ్ళు మొయ్యాల?" మరి నిజంగా ఇనుము వల్లే అని నువ్వు నమ్ముతున్నావా అని అడిగాను. నేను క్లాసులో మరీ తెలివితక్కువ ప్రశ్న వేసిన పిల్లవాణ్ణి చూసే చూపు ఒకటుంది. అలా చూసింది నన్ను. "నమ్మకపోతే దానికి అబద్దం సెప్పినట్టు కాదేటే?" అంది.

ఆ తరవాత మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి. అత్త మూడేళ్ళు బతికింది. అందులో సగం పుట్టింట్లోనే, మరదలి దగ్గరే గడిపింది. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని పిన్నిని చూసుకోమంది. చూసుకుంటున్నాను. పండక్కి చీర తీసుకెళ్తాను, ఆసుపత్రికి తీసుకెళ్తాను, అక్టోబరులో ఆవిడ అడిగినప్పుడు శనివారం ఇనుము తేవడం లేదని చెబుతాను. ఒక్కసారి, ఒక్క శనివారం, తెచ్చాం పిన్నీ, ఏమీ కాలేదు అన్నానంటే ఆవిడకి మళ్ళీ గురువారం గుర్తొస్తుంది. నేను కూడా నమ్మగలిగితే బాగుండును. అత్త నమ్మింది కాబట్టి నిజం చెప్పి పోయింది. నాకు నమ్మకం లేదు, అందుకని నా వంతుకి ఏటేటా అబద్ధం వచ్చింది. పిన్నికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఈ అబద్ధం నేను ఇంకా ఎంతకాలం చెప్పాల్సి వస్తే అంత మంచిది.